మానేశానా, తీసేశారా?

సంక్రాంతికి నెలగంట పెట్టిన రోజుల్లో ఒక సాయంత్రం నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. బి.కాం.లో నా దగ్గర బిజినెస్ లా చదువుకున్న పిల్ల. ఇప్పుడు విశాఖలోనే ఒక ప్రైవేటు రవాణా కంపెనీ ఆఫీసులో పనిచేస్తోంది. ఆరో నెల. ఒంట్లో ఎలా ఉందని అడగబోయాను. అడగనివ్వలేదు.

"మేడమ్, ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది. నాలుగేళ్లుగా ఏటా రెన్యూ చేస్తూనే వచ్చారు. ఈసారి చెయ్యరట. పైగా వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నానని కాగితం రాసిస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ బాగా రాసిస్తామంటున్నారు. ఇంతకీ నన్ను వాళ్లు తీసేసినట్టా, నేను మానేసినట్టా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చట్టం తెలియక కాదు. ఏళ్ల తరబడి ఆ పాఠమే చెప్తున్నాను. కానీ ఆ ప్రశ్నకి నేను ఇరవయ్యేళ్లకు పైగా ఒక అబద్ధం చెప్తూ వచ్చానని ఆ క్షణంలో గుర్తొచ్చింది. "కాగితం మీద సంతకం మాత్రం పెట్టకు, రేపు మాట్లాడుకుందాం" అని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాలేజీలో చేరకముందు నేను మూడేళ్లు పోర్టు ఏరియాలో ఒక క్లియరింగ్ ఆఫీసులో పనిచేశాను. షిప్పింగ్ బిల్లులు టైపు చెయ్యటం, బిల్ ఆఫ్ లేడింగ్‌లో అంకెలు సరిచూడటం, కస్టమ్స్‌కి వెళ్లే ఫైళ్లు సిద్ధం చెయ్యటం నా పని. కిటికీ తీస్తే చాలు, బల్ల మీద ఎర్రటి ఖనిజం దుమ్ము, బొగ్గు నుసి. సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే నీళ్లు నల్లగా కారేవి. ఆ పని నాకు ఇష్టం. ఓడ పేరు, సరుకు పేరు, అది వెళ్లే దేశం పేరు రోజూ నా చేతి మీదుగా వెళ్తుంటే, ఇంటి నుంచి ఆఫీసుకి తప్ప ఎక్కడికీ వెళ్లని నాకు లోకం కొంచెం పెద్దదయినట్టు ఉండేది.

నా ఉద్యోగం పదకొండు నెలల కాగితం. అది అయిపోగానే ఒక వారం ఇంట్లో కూర్చోవాలి. తర్వాత ఇంకో పదకొండు నెలలు. అలా మూడు కాగితాలు అయ్యాయి. 2004లో మూడో కాగితం ముగిసేనాటికి నాకు ఐదో నెల. మా పెద్దాయన చెడ్డవాడు కాదు. నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. "ఈ మెట్లు ఎక్కి దిగడం ఇప్పుడు నీకు మంచిది కాదమ్మా. హాయిగా రెస్టు తీసుకో. డెలివరీ అయ్యాక చూద్దాం" అన్నాడు. మా ఆఫీసులో డెలివరీ అంటే ఓడలో వచ్చిన సరుకు విడిపించుకోవటం. ఆ మాట నా గురించి వాడటం అదే మొదటిసారి. చివరి రోజున అందరూ కలిసి స్వీటు పాకెట్టు చేతికిచ్చారు. నేను అందరికీ థాంక్స్ చెప్పి వచ్చేశాను.

పాపకి ఎనిమిదో నెల వచ్చాక వెళ్లాను. నా కుర్చీలో ఒక కుర్రాడున్నాడు. "ఇప్పుడు ఖాళీ లేదమ్మా" అన్నారు.

ఇంట్లో ఎవరూ బాధపడలేదు. అత్తగారు సంతోషించారు కూడా. చుట్టాలు అడిగితే, పక్కింటివాళ్లు అడిగితే, తర్వాత కాలేజీలో ఇంటర్వ్యూ చేసినవాళ్లు అడిగితే నేను చెప్పిన మాట ఒక్కటే: "పాప పుడుతోందని మానేశానండీ." ఆ మాట ఎంత సులువుగా నోటికొచ్చిందో! ఎవరూ నాకు నేర్పలేదు. నన్ను తీసేశారు అంటే నాలో ఏదో లోపం ఉన్నట్టు. మానేశాను అంటే నేను మంచి తల్లినైనట్టు. పరువు దక్కే మాట ఏరుకున్నాను. దాని వెల ఏమిటో అప్పుడు తెలియలేదు. మానేసినవాళ్లకి ఎవరూ ఏమీ బాకీ ఉండరు.

మన ఊళ్లో, మన వీధిలో, మన స్నేహితురాళ్లలో "కాన్పుకని మానేశాను" అన్నవాళ్లని ఒకసారి లెక్కేసుకోండి. వాళ్లలో ఎంతమంది నిజంగా మానేశారు? మనం ఎవరమైనా అడిగామా?

మర్నాడు ఆ అమ్మాయి కోసం పాత పుస్తకాలు, తీర్పులు మళ్లీ తీశాను. నిజానికి నా కోసమే తీశానేమో.

మన చట్టం ఏం చెప్తోంది? 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం, కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి జీతంతో సెలవు హక్కు. 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు ఇది 26 వారాలు. నా రోజుల్లో 12 వారాలు. ఆ సెలవులో ఉండగా తీసెయ్యటం చట్టవిరుద్ధం. కడుపుతో ఉండగా తీసేసినా ఆ డబ్బు ఎగ్గొట్టటానికి లేదు. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఈ హక్కులు సామాజిక భద్రత కోడ్‌లోకి చేరాయి. పర్మనెంటు వాళ్లకేనా అన్న ప్రశ్నకి సుప్రీంకోర్టు 2000లోనే జవాబు చెప్పింది. ఢిల్లీ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద మట్టిపని చేసే దినకూలీ స్త్రీలకూ ఈ హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. అంటే 2004లో నాకూ ఉంది. పన్నెండు వారాల జీతం. నేను అడగలేదు. మానేసినదాన్ని కదా!

2023 ఆగస్టులో వచ్చిన కవితా యాదవ్ తీర్పు నా కథకి ఇంకా దగ్గర. ఆమె ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టు డాక్టరు. 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగింది. కాంట్రాక్టు జూన్ 11తో ముగుస్తుంది కాబట్టి పదకొండు రోజులే ఇస్తామన్నారు. కాన్పు సెలవు కాంట్రాక్టు తారీఖుతో ఆగిపోదని, మిగిలిన రోజులకీ డబ్బు కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. చదువుతుంటే మనసు నిండింది. కానీ రెండోసారి చదివినప్పుడు ఒక వెలితి కనిపించింది. డబ్బు వచ్చింది. ఉద్యోగం? కాంట్రాక్టు ముగియటం ముగియటమే. ఎందుకు ముగించారు, మళ్లీ ఎందుకు ఇవ్వలేదు అన్న ప్రశ్న దగ్గరికి మన ప్రసూతి చట్టం వెళ్లదు.

వెళ్లకుండా ఇంకో చట్టం తలుపు వేసింది. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1984లో ఒక సవరణ తెచ్చారు. గడువు తీరిన కాంట్రాక్టుని పొడిగించకపోతే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు అన్నారు. ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ మినహాయింపు ఉంది. అంటే తీసేసినట్టు కాదు. మరి మానేసినట్టూ కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న సందులో నా విద్యార్థిని నిలబడి ఉంది. ఒకప్పుడు నేనూ అక్కడే నిలబడ్డాను.

ఈ సందుని ఎవరైనా పూడ్చారా అని వెతుకుతుంటే స్పెయిన్‌లో ఒక చిన్న ఊరు కనిపించింది. పేరు లోస్ బార్రియోస్. దక్షిణాన అల్హెసిరాస్ రేవు పక్కనే ఉంటుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు కర్మాగారం కూడా ఉంది. రేవూ ఉక్కూ ఉన్న ఊరు అనగానే నాకెందుకో మన ఊరే అనిపించింది. ఆ ఊరి మునిసిపాలిటీలో మరియా లూయీసా హిమేనెస్ మెల్గార్ అనే ఆమె పార్ట్‌టైమ్‌గా ఇళ్లకు వెళ్లి సాయం చేసే పనిలో ఉండేది. 1998 నుంచి ఒకదాని వెనక ఒకటిగా కాంట్రాక్టులు. ఆమె గర్భవతి అని మునిసిపాలిటీకి తెలుసు. 1999 జూన్ మొదట్లో కాంట్రాక్టు ముగిసింది. సెప్టెంబరులో కాన్పయింది. ఆమె కోర్టుకి వెళ్లింది. స్పెయిన్ కోర్టు తన సందేహాలు యూరోపియన్ న్యాయస్థానానికి పంపింది.

2001 అక్టోబరు 4న వచ్చిన జవాబు ఇది. గడువు తీరిన కాంట్రాక్టు ముగియటం దానంతటది తొలగింపు కాదు. అంతవరకు మన 1984 సవరణ లాగే ఉంది. కానీ అక్కడ ఆగలేదు. పొడిగించకపోవటానికి కారణం ఆమె గర్భమే అయితే, అది ఒక స్త్రీకి ఉద్యోగం ఇవ్వను పొమ్మనటంతో సమానం, స్త్రీ అయినందుకు చేసిన ప్రత్యక్ష వివక్ష అంది. తొలగింపు అనే తలుపు మూసుకుంటే వివక్ష అనే తలుపు తెరిచింది.

ఆ తలుపు ఒక్కరోజులో తెరుచుకోలేదు. దాని వెనక 1990 నాటి డెక్కర్ కేసు ఉంది. నెదర్లాండ్స్‌లో ఒక శిక్షణ కేంద్రం, తానే అర్హురాలని ఎంపిక చేసిన స్త్రీకి, గర్భవతి అని తెలిశాక ఉద్యోగం ఇవ్వలేదు. బీమా సంస్థ డబ్బు తిరిగి ఇవ్వదు, మాకు నష్టం అని వాదించింది. ఆ ఉద్యోగానికి మగవాళ్లెవరూ పోటీలో లేరు కాబట్టి వివక్ష ఎలా అవుతుందన్న ప్రశ్న కూడా వచ్చింది. న్యాయస్థానం ఒప్పుకోలేదు. గర్భం స్త్రీకే వస్తుంది, ఆ కారణంతో కాదంటే పోల్చటానికి పక్కన మగవాడు ఉండనక్కర్లేదు అంది. తర్వాత 1992లో వచ్చిన డైరెక్టివ్, గర్భం మొదలైననాటి నుంచి ప్రసూతి సెలవు ముగిసేదాకా తొలగింపుని నిషేధించింది. గర్భంతో సంబంధం లేని అసాధారణ కారణం ఉంటే దాన్ని కాగితం మీద రాసి ఇవ్వాలంది. 1997లో ఇంకో డైరెక్టివ్ రుజువు భారాన్ని మార్చింది. వివక్ష జరిగిందనిపించే సంగతులు ఆమె చూపిస్తే చాలు, కాదని రుజువు చేసుకోవాల్సింది యజమాని.

ఇవన్నీ చదువుతూ యూరప్ అంతా స్వర్గం అని నేను అనుకోలేదు. 2018లో స్పెయిన్‌కే చెందిన ఒక బ్యాంకు కేసులో, గర్భంతో సంబంధం లేని కారణాలతో మూకుమ్మడిగా ఉద్యోగులను తీసేసేటప్పుడు గర్భిణినీ తీసెయ్యొచ్చని అదే న్యాయస్థానం చెప్పింది. కారణం రాసి ఇవ్వాలి, అంతే. చట్టం ఇచ్చింది ఉద్యోగం కాదు. ఒక ప్రశ్న. "ఎందుకు?" అని యజమానిని అడిగే హక్కు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆయనది.

ఇటలీ గురించి చదివినప్పుడు మాత్రం పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. అక్కడ ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే స్త్రీల చేత తారీఖు లేని రాజీనామా మీద సంతకం పెట్టించుకునే అలవాటు ఉండేది. ఆమె గర్భవతి అయ్యాక దాని మీద తారీఖు వేస్తే సరి. తానే మానేసినట్టు. అక్కడి స్త్రీలు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2007లో ఒక చట్టం వచ్చింది. 2008లో దాన్ని ఎత్తేశారు. మళ్లీ 2012లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2016 నుంచి రాజీనామాలు ఆన్‌లైన్‌లో ఇస్తేనే చెల్లుతాయి. గర్భిణి అయినా, మూడేళ్లలోపు బిడ్డ ఉన్న తల్లి అయినా రాజీనామా చేస్తే, కార్మిక శాఖ దాన్ని ధ్రువీకరించాలి. అది ఆమె ఇష్టంతో చేసిందేనా అని చూడాలి. లేకపోతే ఆ రాజీనామా చెల్లదు.

ఒక ప్రభుత్వోద్యోగి ఎదురుగా కూర్చుని, "అమ్మా, నువ్వు నిజంగానే మానేస్తున్నావా?" అని అడగటం. నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మా అమ్మ అడగలేదు. పెళ్లాం ఉద్యోగం గురించి గొప్పగా చెప్పుకున్న మా ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. ఏడ్చేసేదాన్నేమో. కనీసం అబద్ధం అంత సులువుగా వచ్చేది కాదు.

మన దగ్గర అడిగిన స్త్రీలు లేరని కాదు. మా షిప్పింగ్ లోకంలోనే ఉన్నారు. బొంబాయిలో మెకినన్ మెకంజీ కంపెనీలో ఆడ్రీ డి'కోస్టా లేడీ స్టెనోగ్రాఫరు. 1977లో ఆమె ఉద్యోగం పోయింది. మగ స్టెనోగ్రాఫర్ల కంటే తనకి తక్కువ జీతం ఇచ్చారని, ఆ తేడా కట్టమని సమాన వేతన చట్టం కింద అడిగింది. ఒకే పనికి స్త్రీలకి తక్కువ జీతం కుదరదని, కంపెనీ డబ్బు ఇబ్బంది దానికి సాకు కాదని సుప్రీంకోర్టు 1987లో చెప్పింది. నీరా మాథుర్‌ని జీవిత బీమా సంస్థ ప్రొబేషన్‌లో ఉండగా తీసేసింది. చేరేటప్పుడు నింపిన ఫారంలో నెలసరి తేదీల గురించి, గర్భం గురించి అడిగారు. ఆమె నిజం దాచిందన్నారు. ఇలాంటి ప్రశ్నలు ఏ స్త్రీ ఆత్మగౌరవానికైనా భంగమని చెప్పి, 1991లో సుప్రీంకోర్టు ఆమెను మళ్లీ ఉద్యోగంలోకి పంపింది. ఆ ఇద్దరూ "మానేశాను" అనలేదు. ఆ మాట అనకపోవటం వల్లే ఆ తీర్పులు మనకి మిగిలాయి.

చదువుకుని కాగితాలు రాయగలిగిన మా సంగతి ఇలా ఉంటే, అసలు కాగితమే లేనివాళ్ల సంగతేమిటి? మా ఇంటి దగ్గర గాజువాక నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ ఉంది. ఒక కాంట్రాక్టరు కింద పదేళ్లకు పైగా ఊడ్పు పని చేసింది. ఒకరోజు గేటు దగ్గర పాసు పనిచెయ్యలేదు. "తీసేసినామని ఎవులూ అన్నేదమ్మా. పాసు పెడితే పడనేదు. సెక్యూరిటీ అబ్బి పక్కకి నిలబడమన్నాడు. నిలబడ్డాను. సాయంత్రందాకా నిలబడ్డాను" అంది. ఉద్యోగం పోయిందని చెప్పటానికి ఒక మనిషి నోరు కూడా ఖర్చు చెయ్యలేదు.

2024 సెప్టెంబరు చివర్లో స్టీల్ ప్లాంటులో వేలమంది కాంట్రాక్టు కార్మికుల పాసులు ఆగిపోయినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. కార్మికులు గట్టిగా తిరగబడ్డాక పాసులు మళ్లీ పనిచేశాయి. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు మళ్లీ మొదలయ్యాయి. మే నెలలో సమ్మె జరిగింది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చి సంపాదించుకున్న ఊరు ఇది. ఆ హక్కు అన్న మాట పర్మనెంటు ఉద్యోగి దగ్గర ఒక బరువుతో, కాంట్రాక్టు కార్మికుడి దగ్గర ఇంకో బరువుతో ఉంటుంది. కాంట్రాక్టు కింద ఊడ్చే, గడ్డి పీకే, కాంటీన్‌లో గిన్నెలు తోమే స్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గేటు బయటే నిలబడిపోతుంది. ఆమె కడుపుతో ఉంటే కాంట్రాక్టరు కొత్తగా ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు. జాబితాలో పేరు రాయకపోతే చాలు. మెల్గార్ తీర్పు అవసరం నాకంటే, నా విద్యార్థిని కంటే ఆవిడకే ఎక్కువ.

ఆ అమ్మాయికి నేను చెప్పింది పెద్ద విద్యేమీ కాదు. రాజీనామా రాయొద్దన్నాను. నాలుగేళ్లూ రెన్యూ చేసి ఈసారి ఎందుకు చెయ్యటం లేదో కారణం రాసి ఇవ్వమని మెయిల్ పెట్టమన్నాను. గర్భం సంగతి వాళ్లకి ఎప్పుడు తెలియజేసిందో ఆ మెయిల్లో తారీఖుతో సహా రాయమన్నాను. ప్రసూతి ప్రయోజనం కోరుతూ విడిగా నోటీసు ఇవ్వమన్నాను. జీతం స్లిప్పులు, పాత కాంట్రాక్టు కాగితాలు ఒక చోట పెట్టుకోమన్నాను. "కారణం చెప్పాలని మన చట్టంలో లేదు కదా మేడమ్?" అంది. తెలివైన పిల్ల, పాఠం మర్చిపోలేదు. "లేదు. అయినా అడుగు. జవాబు చెప్పకపోవటం కూడా ఒక రోజుకి సాక్ష్యమవుతుంది" అన్నాను.

వాళ్లు కారణం చెప్పలేదు. కాంట్రాక్టు గడువు ముగిసిందని రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చారు. ఆమె కార్మిక శాఖకి ఫిర్యాదు చేసింది. ప్రసూతి డబ్బు ఇంకా రాలేదు. వస్తుందనే నా నమ్మకం. ఉద్యోగం వస్తుందని మాత్రం చెప్పలేను. పురిటికి వెళ్లేముందు మా ఇంటికి వచ్చింది. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఏం రాశారో అని భయపడుతూ తెచ్చి చూపించింది. మామూలుగానే రాశారు.

మేం మాట్లాడుకుంటుంటే మా అమ్మాయి టీ తెచ్చింది. తనకిప్పుడు ఇరవయ్యొకటి నడుస్తోంది. "అమ్మ కూడా నేను పుడుతున్నానని ఉద్యోగం మానేసింది" అంది ఆ అమ్మాయితో, నవ్వుతూ. తన చిన్నప్పటి నుంచి నేను చెప్పిన కథే అది. అందులో ఒక గర్వం ఉంది, తన కోసం నేనేదో వదులుకున్నానని. అంతకంటే లోపల ఇంకోటి కూడా ఉందని నాకు ఆరోజే అర్థమయింది. నా ఉద్యోగం పోవటానికి తను కారణం అనుకుంటూ పెరిగింది నా కూతురు. ఆఫీసు చేసిన పనిని నేను తీసుకెళ్లి పసిపిల్ల మీద పెట్టాను.

"లేదమ్మా, నేను మానెయ్యలేదు. నన్ను తీసేశారు" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ మాట బయటికి వచ్చాక చాలాసేపు నాకు సిగ్గుగానే ఉంది. ఇరవయ్యేళ్ల సిగ్గు ఒక్క మాటతో పోదు. మా అమ్మాయి టీ కప్పులు కింద పెట్టి నా పక్కన కూర్చుంది. "ఎందుకు?" అని అడిగింది.